మూత్రపిండ మహారాజు

2002 మే 6, సోమవారం

మోకాళ్ల కోసం ఆసుపత్రికి పోయాను. మోకాళ్ల కోసమే. ఇంకే జబ్బూ లేదు నాకు.

మారెప్ప తోడు వచ్చాడు. హార్మోనియం వాయించీ వాయించీ అతనికి మెడ పట్టేసింది. కొత్త డాక్టరమ్మ వచ్చింది, నందిని అని, కోస్తా వైపు అమ్మాయి. నలభై దాటిన వాళ్లు ఏ జబ్బుతో వచ్చినా సరే, రక్తం, మూత్రం తీయిస్తోంది. ఈ ప్రాంతం వాళ్లకు కిడ్నీలు ఎందుకు తొందరగా దెబ్బ తింటున్నాయో కనుక్కోవాలట. చెవి నొప్పని వచ్చినవాడు కూడా సీసా పట్టుకుని వరుసలో నిలబడ్డాడు.

నా వంతు వచ్చింది.

"ఏం పని చేస్తారండీ?"

"రాజునమ్మా."

ఆమె రాయడం ఆపి తలెత్తింది.

"నాటకాల్లో రాజు మేడం," అని మారెప్ప అడ్డం వచ్చాడు. "ఓబుళేసన్న అంటే ఈ నల్లమాడ చుట్టుపక్కల తెల్దనేవాళ్లు లేరు. బయట రెండెకరాల మెట్ట, అంతే."

ఆ 'అంతే' అక్కర్లేదు.

షుగరుందా అంది. లేదన్నాను. నీళ్లెంత తాగుతారంది. దాహమైనంత అన్నాను. నొప్పి మాత్రలు వాడతారా అంది. వేషం ఉన్న రోజు మాత్రమే అన్నాను. వేషం లేని రోజు సంగతి ఆమె అడగలేదు.

మే 9

రిపోర్టు వచ్చింది.

"ఓబుళేసు గారూ, మీ కిడ్నీలు సగం కూడా పనిచేయడం లేదు," అంది డాక్టరమ్మ.

"మిగతా సగం ఏం చేస్తాండాది?"

"ఆగిపోయింది."

"మళ్లా మొదలుపెట్టదా?"

"పెట్టదండీ. ఉన్నదాన్ని కాపాడుకోవడమే." బీపీ కట్టి చూసింది. పైదీ ఎక్కువే, కిందదీ ఎక్కువే. జేబులో ఉన్న మాత్ర చూపించమంది. గంగప్ప కొట్లో కొనే ఎర్ర మాత్ర. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎన్నాళ్లుగా అంది. గుర్తు లేదన్నాను. నిజంగానే గుర్తు లేదు. గంగప్ప బస్టాపు దగ్గర బీడీలతో పాటు మాత్రలు అమ్మడం మొదలుపెట్టినప్పటి నుంచీ అయి ఉంటుంది.

"ఈ రోజు నుంచి ఒక్కటి కూడా వద్దు," అంది. ముఖం చిన్నపిల్లదిలాగా ఉంది కానీ గొంతు మాత్రం దర్బారు గొంతు.

ఇంటికొస్తే నా పెళ్లాం తిరుపాలమ్మ కంది బేడలు ఏరుతోంది. "ఏం జెప్పిందయ్యా?"

"గ్యాసంట," అన్నాను.

మే 10

మాత్ర వేసుకోలేదు.

మే 11

ఒకటి వేసుకున్నాను. గడప దాటాలి కదా.

మే 23

మంచి రోజు. చాలా మంచి రోజు.

రెండేళ్లుగా వాన లేదు. వాన లేకపోతే పంట లేదు, పంట లేకపోతే ఏ ఊళ్లోనూ నాటకం లేదు. నా కిరీటం ట్రంకు పెట్టెలో పడి ఉంది. అలాంటిది ఈ రోజు డాక్టరమ్మ నన్ను గదిలోకి పిలిచి కుర్చీ వేసింది. ఓపీకి వచ్చే వాళ్లకు కిడ్నీ ఎలా చెడిపోతుందో మాటలతో చెబితే ఎక్కడం లేదట. ఊరూరా తిరిగి చిన్న నాటకం వేస్తారా అంది. ఆసుపత్రి జీపు ఇస్తారట.

"నేను వేసేది రాజు వేషమేనమ్మా," అన్నాను.

"మీరు కిడ్నీ వేషం వేయాలి."

"తెలుగులో ఏమంటారు దాన్ని?"

"మూత్రపిండం."

లేచి నిలబడ్డాను. ముప్పై ఏళ్లు సింహాసనం మీద కూర్చున్న మనిషిని. ఆ పేరు ఎక్కడ మొదలవుతోందో ఆమెకు తెలియదా? ఆమె బతిమాలలేదు. కిడ్నీ ఒంట్లో ఉన్న రక్తాన్నంతా రోజంతా విచారించి, మంచిని ఉంచి, చెడ్డను వెళ్లగొడుతుందని నిదానంగా చెప్పింది. అంటే దర్బారే కదా. మళ్లీ కూర్చున్నాను.

"కిరీటం పెట్టుకోవచ్చునా?"

"పెట్టుకోండి."

మూత్రపిండ మహారాజు. బయటికి అంటే బాగానే ఉంది.

జూన్ 3

రాక్షసుడు ఎర్రప్పే. వేరే ఎవరు వేస్తారు? ముప్పై ఏళ్లుగా నేను రాజైతే వాడు రాక్షసుడు. ప్రతి నాటకంలో చివర నన్ను గదతో కొడతాడు, నేను మోకాళ్ల మీద కూలిపోతాను. ఇప్పుడు వాడి పాత్ర పేరు నొప్పిమాత్ర. ఎర్ర పంచె, ఎర్ర రుమాలు, మొహానికి ఎర్ర రంగు.

"మాత్ర యాలరా గద పట్టుకుంటాది?" అని అడిగాను.

"గద లేకుంటే నాకు మాట రాదు," అన్నాడు. అదీ నిజమే.

నా వేషం టైలరు రామదాసు కుట్టాడు. లోపల దూది, పైన గులాబి రంగు గుడ్డ, పొట్ట దగ్గర లోపలికి వంపు. వెనక మెడ నుంచి మోకాళ్ల దాకా తాళ్లు. ఒకసారి బిగిస్తే ఇంకొకరు విప్పాల్సిందే. వేసుకుని అద్దంలో చూసుకున్నాను. కిరీటం వరకు బాగుంది.

జూన్ 12

ఈ రోజు జరిగింది రాయాలంటే నవ్వు రావడం లేదు.

మొదటి ఆట మండలాఫీసు ముందు, పట్టపగలు. జీపు ఆగింది. నేను కిరీటం సర్దుకుని దిగాను. చింతచెట్టు కింద కూర్చున్న రైతులు నన్ను చూసి ఒక్కసారిగా లేచారు. కళాకారుడికి దక్కాల్సిన మర్యాద ఇన్నాళ్లకు దక్కిందనుకున్నాను. వాళ్లు పరుగెత్తుకొచ్చి నా వెనక వరుస కట్టారు. చేతుల్లో గోతాం సంచులు, పాసుపుస్తకాలు.

సబ్సిడీ విత్తనాల కోసం వాళ్లు రోజూ వచ్చి పోతున్నారట. ప్రభుత్వ జీపులోంచి గులాబి రంగు వేరుశనగ గింజ దిగేసరికి పంపకం మొదలైందనుకున్నారు.

ఒక పెద్దాయన నా పొట్ట నొక్కి చూశాడు. "ఏ రకమప్పా నువ్వు?"

"నేను మూత్రపిండాన్ని."

"కొత్త రకమా? బెట్టకు ఆగుతాదా?"

అబద్ధం ఎందుకని, "ఆగదు. నీళ్లు లేకుంటే ఎండిపోతాది," అన్నాను.

"అట్లయితే మా నేలకు పనికిరాదు," అని ఆయన వెనక్కి తిరిగి అందరికీ చెప్పాడు. సగం మంది ఇళ్లకు వెళ్లిపోయారు. మిగతా సగం సంచులు పరుచుకుని కూర్చుని నాటకం చూశారు. డాక్టరమ్మ జీపు చాటుకు పోయి కొంగుతో మొహం కప్పుకుంది. ఏడ్చిందనుకుంటాను.

చివర్లో మోకాళ్ల మీద కూలిపోవాలి కాబట్టి ముందు రెండు మాత్రలు వేసుకున్నాను. వేషం కోసం. వేషం ఎవరి కోసం? కిడ్నీ కోసం. కాబట్టి లెక్కలోకి రాదు.

జూన్ 20

ఎర్రప్ప నాటకాన్ని పాడు చేస్తున్నాడు. పాడు చేయడం అంటే చెడగొట్టడం కాదు, మరీ బాగా చేస్తున్నాడు.

డాక్టరమ్మ రాసిచ్చిన దాంట్లో మాత్ర మొదట తియ్యగా మాట్లాడి, తర్వాత రాజును చంపాలి. ఎర్రప్ప ఆ తియ్యగా మాట్లాడే భాగాన్ని పెంచేశాడు. గద భుజాన వేసుకుని జనంలోకి దిగుతాడు. "ఏమవ్వా, నడుం నొస్తాందా? నేనుండానుగా. ఏమన్నా, సెనిగ చేను కలుపు తీసి తీసి వేళ్లు మడవలేకున్నావా? నన్ను పిలువు, పొద్దు గూకే లోపల నిన్ను కోడెదూడను చేస్తా." మారెప్ప హార్మోనియం మీద మెల్లగా వాయిస్తాడు. జనం కళ్లు చెమ్మగిల్లుతాయి. వాళ్లను ఎవరూ అంత ప్రేమగా అడిగి ఉండరు.

తర్వాత వాడు నన్ను కొడితే జనం ఈల వేస్తున్నారు.

ఆట అయ్యాక నా దగ్గరికి ఒక్కడూ రాడు. వాడి చుట్టూ మూగి, "ఆ మాత్ర యాడ దొరుకుతాదన్నా?" అని అడుగుతున్నారు. గంగప్ప ఎర్రప్పను చూస్తే లేచి నిలబడి టీ ఇస్తున్నాడు.

జూలై 15

మళ్లీ రక్తం తీశారు. కిడ్నీ వెళ్లగొట్టాల్సిన చెడ్డ రక్తంలో ఎంతుందో చూశారు. పెరిగింది. తగ్గాల్సింది లేకపోతే నిలబడాల్సింది, పెరిగింది.

"మాత్రలు మానేశారు కదా?" అంది డాక్టరమ్మ.

"మానేసినానమ్మా."

"మరి నీళ్లు?"

ఇక్కడ నిజం చెప్పాను. వేషంలో ఉండగా నీళ్లు తాగనని. తాగితే మూత్రం విడవాలి, విడవాలంటే తాళ్లన్నీ విప్పాలి, మారెప్పకు మెడ వంగదు. అందుకని పొద్దున్నుంచీ గొంతు తడుపుకోవడమే.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "ఇంత ఎండలో, దూది లోపల, నీళ్లు తాగకుండా, కిడ్నీ వేషం వేస్తున్నారు."

"అవునమ్మా."

రిపోర్టు ఇంకోసారి చూసింది. నీళ్ల వల్లే అయి ఉంటుందని అనుకున్నట్టుంది. నాకూ అదే నయం అనిపించింది.

ఎర్రప్పను కూడా రక్తం ఇవ్వమంది. వాడు బీడీ తెచ్చుకుంటానని పోయి జీపు బయలుదేరే దాకా రాలేదు.

జూలై 16

రామదాసు దగ్గరికి పోయి ముందు భాగంలో ఒక తలుపు లాంటిది పెట్టమన్నాను. రాజుకు తలుపేందన్నా అన్నాడు. ఏ కోటకైనా తలుపు ఉండదా అన్నాను. పెట్టాడు.

ఆగస్టు 2

కాళ్లు వాచాయి. ఎండకు.

ఆగస్టు 18, ఆదివారం

మా ఊళ్లోనే ఆట. తిరుపాలమ్మను రావద్దని చెప్పాను. ఎందుకు రావద్దని అడిగింది. ఎండగా ఉంటుందన్నాను. వచ్చి ముందు వరుసలో కూర్చుంది.

మొదట అంతా బాగా సాగింది. ఎర్రప్ప తియ్యటి మాటలకు మా ఊరి ఆడవాళ్లు కూడా కరిగిపోయారు. తర్వాత మారెప్ప వాయిస్తూ జనాన్ని అడగాలి: రాజుకు ఆపద వచ్చిందని ఎలా తెలుస్తుంది? జవాబు అతనే చెబుతాడు. కాళ్లు వాస్తాయి, మూత్రం నురగ కడుతుంది, అన్నం సయించదు.

తిరుపాలమ్మ లేచింది.

"మారెప్పా, వాయించేది ఆపు."

ఆపాడు. ఆమె స్టేజీ ఎక్కింది. మెట్లు లేవు, చెయ్యి ఆనించి ఎక్కింది. "ఏమయ్యా రాజా, కాళ్లు సూపించు."

నేను రాజు గొంతుతోనే, "ఎవరక్కడ?" అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. ఆమె కింద కూర్చుని నా వేషం అంచు పైకి లాగి, ముంగాలి మీద బొటనవేలు పెట్టి నొక్కింది. వేలు తీసినా గుంట అట్లే ఉంది. దాన్ని జనానికి చూపించింది. ముందు వరుస వాళ్లు లేచి వచ్చి చూసి పోయారు.

తర్వాత ఆమె రామదాసు పెట్టిన తలుపులోంచి చెయ్యి పెట్టి నా మొలతాడు దగ్గర వెతికింది. మాత్రల అట్ట బయటికి తీసింది.

"ఇదేంది?"

"వేషానికి."

"నాకు గ్యాసని జెప్తివి గదా. ఇది గ్యాసుకా?"

ఎర్రప్ప ముందుకొచ్చాడు. నా మీద జాలితోనే వచ్చాడు. "వదినా, అది నాది. నేనే దాయమంటి. నా బుజానికి రోజూ మింగుతాండా."

"నువ్వు మాత్రవి. నువ్వు గమ్మునుండు."

అంత పెద్ద చప్పట్లు నా జీవితంలో వినలేదు. అదంతా నాటకమే అనుకున్నారు. కొందరు ఆడవాళ్లు పక్కనున్న మొగుళ్ల జేబులు తడమడం మొదలుపెట్టారు. మా సర్పంచి జేబులో కూడా అట్ట దొరికింది. డాక్టరమ్మ జీపు బానెట్ మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది. ఆమె ముఖంలో కోపం ఉంది, సంతోషం ఉంది, ఏది ఎక్కువో నేను చెప్పలేను.

తిరుపాలమ్మ ఇంటికి వచ్చాక పొయ్యి వెలిగించింది. ఉప్పు లేని అన్నం పెట్టింది. నేను తింటుంటే ఎదురుగా కూర్చుంది. "ఎన్నాళ్లు దాద్దామనుకున్యావు?" అంది.

"నాటకాలు అయిపోయేదాంకా."

"నువ్వు అయిపోతే నాటకం ఎవురు ఆడతారు?"

ఆగస్టు 19

డాక్టరమ్మ పిలిపించింది. నన్ను తిట్టింది. తిట్టాక, తిరుపాలమ్మ చేసింది ప్రతి ఊళ్లోనూ ఉండాలంది.

తిరుపాలమ్మ ఒప్పుకోదనుకున్నాను. నాకన్నా ముందు జీపెక్కి కూర్చుంది.

సెప్టెంబరు 10

ప్రతి ఆటలోనూ ఆమె అట్ట తీయాలి కాబట్టి ఖాళీ అట్ట ఒకటి ఇచ్చింది, అదే పెట్టుకుంటున్నాను. మొలతాడు దగ్గర ఇంకేమీ లేదు. ఆమె రోజూ జనం ముందు వెతుకుతుంది కదా, ఎట్లా ఉంటుంది.

కిరీటంలో ఒకటి ఉంది. మింగడానికి కాదు. ఉంటే ధైర్యం.

ఆమెకు నాకన్నా ఎక్కువ చప్పట్లు వస్తున్నాయి. మాట సరిగ్గా పలకదు, జనం వైపు చూడదు, నన్నే చూస్తుంది. అది నటన కాదని వాళ్లకు ఎవరు చెప్పాలి?

సెప్టెంబరు 14

కిరీటంలోది మింగాను. ఇంకొకటి పెట్టుకున్నాను.

సెప్టెంబరు 30

పెరగలేదు. తగ్గలేదు, పెరగలేదు. డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది. ఉప్పు మానడం, నీళ్లు తాగడం, బీపీ మాత్ర వేళకు వేసుకోవడం. ఎర్ర మాత్ర సంగతి అడిగింది. దాదాపు మానేశానన్నాను. 'దాదాపు' అన్న మాట మెల్లగా అన్నాను.

అక్టోబరు 9

ఎర్రప్పకు ఎక్కిళ్లు. పొద్దున మొదలై ఆట దాకా ఆగలేదు.

మాత్ర ఎక్కిళ్లు పెడుతుంటే జనం పడీ పడీ నవ్వారు. మారెప్ప ప్రతి ఎక్కిలికీ హార్మోనియం మీద ఒక మెట్టు నొక్కాడు. ఎర్రప్ప కూడా దాన్ని ఆటలో కలుపుకున్నాడు. గొప్ప నటుడు. మొహం ఉబ్బి రాక్షసుడి కళ వచ్చింది, రంగు కూడా తక్కువ పడుతోందని అన్నాడు.

డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. ఆట మధ్యలోనే స్టేజీ ఎక్కింది, సూది పట్టుకుని. "ఎర్రప్ప గారూ, చెయ్యి చాపండి."

"రాక్షసుని నెత్తురు తీయకూడదు మేడం," అన్నాడు వాడు. ఎక్కిలి. జనం మళ్లీ నవ్వారు.

తిరుపాలమ్మ వాడి చేతిలోంచి గద తీసుకుంది. "చెయ్యి చాపు అబ్బీ," అంది.

చాపాడు. అంతమంది ముందు రక్తం తీశారు. చప్పట్లు కొట్టారు.

అక్టోబరు 11

ఎర్రప్ప రిపోర్టు చూసి డాక్టరమ్మ తలుపు వేసుకుంది. అదే రోజు జీపులో వాణ్ణి అనంతపురానికి పంపారు. అక్కడి నుంచి బెంగుళూరు.

కిడ్నీలు దాదాపు ఆగిపోయాయట, ఆ ఎక్కిళ్లు అందుకేనట. వాడికి షుగరు కూడా ఉందట. ఎన్నాళ్లుగానో.

అక్టోబరు 27

బెంగుళూరు పోయి చూసొచ్చాను. వాణ్ణి పడుకోబెట్టి రక్తం బయటికి తీసి మిషనులో కడిగి మళ్లీ లోపలికి పంపుతున్నారు. "ఇదేరా నువ్వు," అన్నాడు మిషను చూపించి. "నీకన్నా బాగా చేస్తాండాది. కిరీటమే లేదు."

మొహాన రంగు లేకుండా వాణ్ణి పగటి పూట చూడడం నాకు అలవాటు లేదు. చాలా చిన్న మనిషి.

కాసేపటికి నర్సు అటు పోయింది. వాడు నా చొక్కా పట్టుకుని దగ్గరికి లాగాడు. "నడుము నరుకుతాందిరా. నీ కిరీటంలో ఉండేది ఇయ్యి. నాకు తెలుసు."

"కిరీటం తేలేదు," అన్నాను.

వాడు చొక్కా వదిలేశాడు. "పోనీలే," అన్నాడు.

మాత్ర నా జేబులోనే ఉంది.

నవంబరు 2

ఎర్రప్ప పోయాడు.

నవంబరు 4

వాళ్ల ఊరికి పోయాం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వచ్చారు. చాలామందికి వాడి పేరు తెలియదు. "మాత్రప్ప సచ్చిపోయినాడంట," అనుకుంటూ వచ్చారు. నన్ను చూసి, "శెనక్కాయ రాజు గూడా వచ్చినాడు," అని చెప్పుకున్నారు.

గంగప్ప వచ్చి పెద్ద దండ వేశాడు. తిరుపాలమ్మ ఆ దండను ఒకవైపు జరిపి, వాడి మొహం అందరికీ కనబడేట్టు చేసింది.

ఇవ్వాల్సిందేమో. ఆ స్థితిలో ఒక్క మాత్ర ఏం చేస్తుంది? ఇవ్వకూడదేమో. పోయేముందు వాడు అడిగిన ఒకే ఒక్కటి.

నవంబరు 5

ఏమీ రాయబుద్ధి కాలేదు.

నవంబరు 6

తిరుపాలమ్మకు చెప్పాను, కిరీటం సంగతి, జేబు సంగతి. ఆమె చెయ్యి చాపింది. ఇచ్చాను. దాన్ని ఏం చేసిందో అడగలేదు.

డిసెంబరు 20

మాత్ర లేకుండా మోకాళ్లు ఎలా ఉంటాయో నేను మర్చిపోయాను. ఇప్పుడు తెలుస్తోంది. మంచం మీద నుంచి లేవడం ఒక అంకం. గుమ్మం దాకా నడవడం ఇంకో అంకం. వేడి గుడ్డతో కాపడం పెడుతుంది తిరుపాలమ్మ. తిట్టుకుంటూ పెడుతుంది.

2003 జనవరి 22

డాక్టరమ్మ ఇంటికే వచ్చింది. నాటకం ఆగిపోయింది, గార్లదిన్నె వైపు ఊళ్లు మిగిలిపోయాయి అంది. నేను కూలిపోలేనని చెప్పాను. మోకాళ్ల మీద కూలిపోయి మళ్లీ లేవలేను.

"కిడ్నీ నేను ఏస్తాలే," అంది తిరుపాలమ్మ, రొట్టె తడుతూ. "నువ్వు మాత్ర ఎయ్యి. నిలబడి మాట్లాడేదే గదా."

రాజుకు రాక్షసుడి వేషం. ఎర్రప్ప వేషం.

కిరీటం తెచ్చి ఆమె పక్కన పెట్టాను. డాక్టరమ్మ మా ఇంట్లో ఉప్పు లేని రొట్టె తిని పోయింది.

ఫిబ్రవరి 7

రిహార్సలు. కిరీటం తిరుపాలమ్మకు వదులు. కొప్పు మీద ఆనించింది, సరిపోయింది. అన్నీ బాగానే చెప్పింది కానీ చివర్లో చావనంటోంది.

"రాసింది అట్లా ఉందమ్మా, చివర్లో కిడ్నీ చనిపోవాలి," అంది డాక్టరమ్మ.

"రాసినోళ్లు సావనీ. నేను సావను."

రాసింది డాక్టరమ్మే. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

ఫిబ్రవరి 16

గార్లదిన్నె దగ్గర ఒక ఊళ్లో ఆట. బడి ముందు, ఎండ తగ్గే వేళకు.

ఎర్ర పంచె కట్టుకున్నాను. గద తీసుకున్నాను. ఎర్రప్ప ఎట్లా చేసేవాడో నాకు అక్షరం అక్షరం తెలుసు. ఎన్నిసార్లు పక్కన నిలబడి చూశాను. జనంలోకి దిగాను. "ఏమవ్వా, నడుం నొస్తాందా?" అన్నాను.

రాలేదు. మాట వచ్చింది, ఆ ప్రేమ రాలేదు. రాజు గొంతే వచ్చింది. ముసలామె నడుము గురించి నేను పన్ను వసూలుకు వచ్చినవాడిలాగా అడిగాను. ఆమె వెనక్కి జరిగింది. ఇంకొకరిని అడిగాను, తల అడ్డంగా ఊపి పక్కకు చూశాడు. పిల్లలు తల్లుల వెనక దాక్కున్నారు. మారెప్ప మెల్లగా వాయించి సాయం చేయబోయాడు, ఆ రాగం నా మీద అతకలేదు. మోకాలు పట్టేసి అడుగు తీసి అడుగు వేయలేకపోయాను. ఒళ్లు నొప్పులు పోగొడతానని చెప్పే మాత్ర కుంటుకుంటూ నడుస్తోంది.

తిరుపాలమ్మను కొట్టబోయాను. ఆమె గద పట్టుకుని, "పో అవతలికి," అంది. పోయాను. నాటకం అక్కడితో అయిపోయింది. చావు లేదు, కూలిపోవడం లేదు. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక కొందరు కొట్టారు.

ముప్పై ఏళ్లలో ఇంత చెత్తగా నేనెప్పుడూ ఆడలేదు. జీపు వెనక్కి పోయి మొహం రంగు తుడుచుకుంటున్నాను. మొదట నేను పలకరించిన ముసలామె కర్ర పట్టుకుని వచ్చింది. పేరు బయమ్మ అని చెప్పింది. మా ఆట చూడ్డం ఆమెకిది రెండోసారట. పోయిన జూన్‌లో కూతురి ఊళ్లో చూసిందట, ఎర్రప్ప ఉన్నప్పుడు.

"ఆయప్ప శానా బాగా ఏసినాడు," అంది. "ఆట అయిపోతానే పోయి ఆ మాత్రలు కొనుక్కొచ్చుకున్యా. అప్పుటి నుంచీ మింగుతాండా."

"ఇప్పుడు?"

ఆమె నా ఎర్ర పంచె వైపు, నా మొహం వైపు చూసింది. మొహమాటపడింది కానీ దాచలేదు.

"ఏమనుకోవద్దు నాయనా. నిన్ను సూసినాక అది మింగబుద్ధి కావడంల్యా."

కొంగు ముడి విప్పి, అట్టను నా చేతిలో పెట్టి, కర్ర ఊనుకుంటూ వెళ్లిపోయింది. నేను డాక్టరమ్మను పిలిచి ఇచ్చేశాను. ఆమె జీపు అవతలి పక్కనే నిలబడి అంతా విన్నది. ఓబుళేసు గారూ, వచ్చే ఊళ్లో కూడా ఇట్లాగే చేయాలి, కొంచెం కూడా మార్చకండి అంది.

సరేనన్నాను.